9, 14, 11: మచ్చలు తగ్గినట్టా, పెరిగినట్టా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చెల్లెకు 29 ఏండ్లు, మిర్యాలగూడకు ఇచ్చినం. 2022 ఆగస్టుల ఎడమకన్ను మసకబారింది, నెల తిరగకముందే కాళ్లు తిమ్మిర్లెక్కినయి. మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నరు. 2023 జనవరి నుంచి డైమిథైల్ ఫ్యూమరేట్ 240 మిల్లీగ్రాములది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటుంది. ఆ మార్చిల కుడిచెయ్యి పదిరోజులు మొద్దుబారింది, ఆ తర్వాత ఏమీ లేదు. మెదడు ఎమ్మారై ఇప్పటికి మూడుసార్లు తీపిచ్చినం. 2022 సెప్టెంబర్ల నల్గొండల తీస్తే 9 మచ్చలన్నరు. 2023 అక్టోబర్ల హైదరాబాద్ల తీస్తే 14. 2025 ఫిబ్రవరిల మళ్ల నల్గొండల్నే, వేరే సెంటర్ల తీస్తే 11, కాంట్రాస్ట్ ఏ మచ్చా పట్టుకోలేదని రాసిన్రు. ఇంట్ల ఒకరు తగ్గిందంటరు, ఇంకొకరు మందు పనిచేస్తలేదు మార్చమంటరు. ప్రతిసారి కాంట్రాస్ట్ సూది తప్పదా? అది మెదడుల పేరుకుంటదంట, నిజమేనా? ఎండల తిరిగొస్తే చూపు మసకైతది, గంటసేపు చల్లగ పండుకుంటే సర్దుకుంటది. అప్పుడల్లా స్కాన్ తీపియ్యాల్నా? వచ్చే ఏడు పిల్లల కోసం చూస్తున్నరు. మూడు రిపోర్టుల ఫొటోలు పంపుతున్న. – ఓ అన్న, నల్గొండ జిల్లా

సమాధానం: ముందుగా ఆ మూడు అంకెలను ఒక వరుసలో పెట్టి చూడటం మానేయండి. 9 నుంచి 14కు పెరిగిందనీ, 14 నుంచి 11కు తగ్గిందనీ ఈ రిపోర్టులను బట్టి చెప్పలేం. మీరు పంపిన ఫొటోల్లో రిపోర్టు పైభాగాన చిన్న అక్షరాల్లో ఉన్న రెండు లైన్లు చూడండి. మొదటి స్కాన్ 1.5 టెస్లా (అయస్కాంతం బలానికి కొలత) మెషిన్ మీద, 5 మిల్లీమీటర్ల ముక్కలుగా, ముక్కకూ ముక్కకూ మధ్య 1 మిల్లీమీటరు ఖాళీ వదిలి తీసింది. రెండోది 3 టెస్లా మెషిన్ మీద, 3డీ ఫ్లేర్ పద్ధతిలో (మచ్చలు తెల్లగా బయటపడేలా తీసే ఎమ్మారై పద్ధతి) 1 మిల్లీమీటరు మందంతో, మధ్యలో ఖాళీ లేకుండా తీసింది. మూడోది మళ్లీ 1.5 టెస్లా, మళ్లీ 5 మిల్లీమీటర్లు.

కల్లంలో ఒక మీటరు వడ్ల తేమ 17 చూపిస్తుంది, మిల్లు దగ్గర ఇంకో మీటరు 19 అంటుంది. దారిలో వడ్లు తడవలేదు, మీటరు మారింది. ఇక్కడా అంతే.

ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లిరోసిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) మచ్చగా లెక్కపెట్టాలంటే పొడుగువైపు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. అంత చిన్నది 5 మిల్లీమీటర్ల మందమున్న ముక్కలో పడితే చుట్టూ ఉన్న మామూలు కణజాలంతో కలిసిపోయి వెలిసిపోతుంది. ఆ 1 మిల్లీమీటరు ఖాళీలో పడ్డ భాగమైతే అసలు కనిపించదు. తల కొంచెం ఇటు తిరిగినా, గడ్డం కొంచెం పైకి లేచినా ముక్కలు వేరే కోణంలో పడతాయి. అప్పుడు ఒకే మచ్చ ఒకసారి రెండు ముక్కల్లో, ఇంకోసారి ఒక్క ముక్కలో కనిపిస్తుంది. 3 టెస్లా మెషిన్‌లో స్పష్టత ఎక్కువ కాబట్టి మచ్చలు ఎక్కువే దొరుకుతాయి. అందుకే హైదరాబాద్ లెక్క 14 వచ్చి ఉండొచ్చు. తిరిగి నల్గొండ మెషిన్ మీద 11 వచ్చిందంటే మూడు మచ్చలు మాయమయ్యాయని కాదు.

లెక్కకు ఇంకో చిక్కుంది. జబ్బు ముదిరేకొద్దీ పక్కపక్కనున్న రెండు మచ్చలు పెరిగి కలిసిపోతాయి. లెక్కపెడితే రెండు పోయి ఒకటి అవుతుంది. అంటే జబ్బు పెరిగినా అంకె తగ్గొచ్చు. దీనికి ఎదురుగా, కొత్తగా పుట్టిన మచ్చ చుట్టూ ఉన్న వాపు రెండు మూడు నెలల్లో దిగుతుంది, మచ్చ చిన్నదవుతుంది. అది మందు గొప్పతనమే కానక్కర్లేదు. ఈ కారణాల వల్లే 'మచ్చలు ఎన్ని' అనే ప్రశ్నకు న్యూరాలజిస్టులు పెద్ద విలువ ఇవ్వరు. వాళ్లడిగేది వేరు: పాత స్కాన్‌తో పోలిస్తే కొత్తది ఏదైనా పుట్టిందా, ఉన్నది ఏదైనా పెరిగిందా?

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే మొదట హద్దురాయి పాతుకోవాలి. మందు మొదలుపెట్టిన రోజునే అది పనిచేయదు. డైమిథైల్ ఫ్యూమరేట్ పూర్తి ప్రభావం చూపడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ లోపల పుట్టే మచ్చలను మందు ఖాతాలో రాయకూడదు. అందుకే మందు మొదలైన 3 నుంచి 6 నెలలకు ఒక కొత్త స్కాన్ తీసి, ఇక ముందు కొలతలన్నీ దాని నుంచే మొదలుపెడతారు. మీరు ఆ స్కాన్ సమయానికి తీయించలేదు. కానీ 2023 అక్టోబరు స్కాన్ మందు మొదలైన తొమ్మిది నెలలకు పడింది, పైగా మంచి పద్ధతిలో తీశారు. అనుకోకుండానే మీకు హద్దురాయి దొరికింది. చెల్లెలి మార్చి నెల తిమ్మిరి, మొదటి స్కాన్‌కూ జనవరికీ మధ్య పుట్టి ఉండే మచ్చలు, అన్నీ ఆ రాయికి వెనకే ఉండిపోతాయి.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. మందు మార్చే మాట పక్కన పెట్టండి. అదే హైదరాబాద్ సెంటర్లో, వీలైతే అదే మెషిన్ మీద, అదే పద్ధతిలో ఒక స్కాన్ తీయించి, దాన్ని 2023 అక్టోబరు స్కాన్‌తో పోల్చమని రాతపూర్వకంగా అడగండి. నల్గొండ నుంచి వంద కిలోమీటర్ల ప్రయాణం, ఒక రోజు పని పోతుంది, నిజమే. కానీ దగ్గర్లో ఉందని ఎక్కడంటే అక్కడ తీయించిన మూడు స్కాన్లు ఇవ్వని జవాబు, ఒకేచోట తీయించిన రెండు స్కాన్లు ఇస్తాయి.

వెళ్లేముందు న్యూరాలజిస్టు చీటీ మీద 'ఎమ్మారై బ్రెయిన్' అన్న రెండు మాటలే ఉంటే సరిపోదు. 'ఎమ్మెస్ ఫాలో అప్ ప్రోటోకాల్, 2023 అక్టోబరు స్కాన్‌తో పోల్చాలి' అని రాయించుకోండి. ఆ మాట లేకపోతే రద్దీ సెంటర్లో తలనొప్పికి తీసే మామూలు స్కాన్ తీసి పంపించేస్తారు. అందులో ఉండాల్సినవి ఇవి: 1 మిల్లీమీటరు 3డీ ఫ్లేర్, 3 మిల్లీమీటర్లు మించని మందంతో, ఖాళీ లేకుండా టీ2 అడ్డుకోత చిత్రాలు, డిఫ్యూజన్ (టీ2, డిఫ్యూజన్ కూడా ఎమ్మారై చిత్రాల్లో రకాలే). అడ్డుకోతలను మెదడు మధ్యలో ఉండే కార్పస్ కలోసమ్ అడుగు గీతకు సమాంతరంగా పెట్టాలి. ఈ చివరి మాట టెక్నీషియన్‌కు చెప్పాల్సిందే, ఎందుకంటే రెండేళ్ల తర్వాత ఇంకో టెక్నీషియన్ కూడా అదే గీత పట్టుకుంటేనే ముక్కలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి.

టీ2 ఎందుకని అడగొచ్చు. మెదడు అడుగున, చిన్నమెదడు, బ్రెయిన్‌స్టెమ్ (మెదడును వెన్నుపాముతో కలిపే కాండం) దగ్గర, గుండె కొట్టుకున్నప్పుడల్లా నీరు కదిలి ఫ్లేర్ చిత్రంలో లేని మచ్చను ఉన్నట్టు చూపిస్తుంది, ఉన్నదాన్ని దాచేస్తుంది కూడా. ఆ భాగానికి టీ2 నమ్మకమైంది. అక్కడి చిన్న మచ్చే నడక తూలడానికి, రెండు బొమ్మలు కనిపించడానికి కారణమవుతుంది. మెదడు పైభాగంలో అంతకంటే పెద్ద మచ్చ ఏ ఇబ్బందీ చూపకపోవచ్చు. మచ్చల సంఖ్యకూ మనిషి పరిస్థితికీ పొంతన కుదరకపోవడానికి సగం కారణం ఇదే.

పాత స్కాన్‌ను ఫిల్ములుగానో, వాట్సాప్‌లో ఫొటోలుగానో తీసుకెళ్లి లాభం లేదు. ఫిల్ము మీద వందల ముక్కల్లో కొన్నే అచ్చవుతాయి, మీకు కావాల్సిన ముక్క అందులో ఉండకపోవచ్చు. సీడీలో ఉండే డైకామ్ ఫైళ్లు (మెషిన్ ఇచ్చిన అసలు చిత్రాలు) కావాలి. సీడీలు గీతలు పడి చదవకుండా పోతాయి, కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవే ఉండదు. ఈ వారమే మూడు సీడీలనూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో చోటికి కూడా కాపీ చేయించి, ఫోల్డర్లకు తేదీలు పేర్లుగా పెట్టండి. కాపీ చేసేటప్పుడు ఫోల్డర్ మొత్తం చేయాలి. చిత్రాలను మామూలు ఫొటోలుగా మార్చి ఇస్తే పోలికకు పనికిరావు.

రేడియాలజిస్టు ఆ పాత ఫైళ్లను తెరపై కొత్తవాటి పక్కన పెట్టి, ఒకే మట్టానికి తెచ్చి, ముక్క వెంట ముక్క కలిపి జరుపుతూ చూస్తారు. కొన్ని చోట్ల కొత్త చిత్రంలోంచి పాత చిత్రాన్ని తీసివేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మారనిదంతా బూడిదరంగులో కలిసిపోయి కొత్త మచ్చ ఒక్కటే తెల్లగా మిగులుతుంది. ఇది బాగా పనిచేయాలంటే రెండూ ఒకే మెషిన్ చిత్రాలై ఉండాలి, లోపల మనిషి కదలకూడదు. కాంట్రాస్ట్ లేకుండా అయితే సుమారు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందులో 3డీ ఫ్లేర్ ఒక్కటే ఐదారు నిమిషాలు. ఆ ఐదారు నిమిషాల్లో తల కదిపితే మొత్తం చిత్రం చెడుతుంది, కాబట్టి దగ్గు, జలుబు ఉంటే తేదీ మార్చుకోండి. పుస్తెలతాడుకు తగిలించిన పిన్నీసులు, జడ పిన్నులు, మెట్టెలు ఇంట్లోనే తీసేసి వెళ్లాలి. బిగుసుకుపోయిన మెట్టెలను సెంటర్లో సబ్బు నీళ్లతో తీసేసరికే అరగంట పోతుంది. కాపర్ టీ వేయించుకుని ఉంటే ముందే చెప్పాలి. సాధారణంగా అడ్డం కాదు.

రిపోర్టు చేతికొచ్చాక మీరు వెతకాల్సిన వాక్యం 'పలానా తేదీ స్కాన్‌తో పోలిస్తే కొత్త టీ2 మచ్చలు ఇన్ని, పెరిగినవి ఇన్ని' అనేది. 'మల్టిపుల్ లీజన్స్, డీమైలినేషన్‌ను సూచిస్తున్నాయి' (చాలా మచ్చలున్నాయి, నరాల పైపొర దెబ్బతిన్నట్టుంది) అని మాత్రమే రాసి ఉంటే ఆ రిపోర్టు మీ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. ఆ రోజే కౌంటర్ దగ్గర పాత సీడీ ఇచ్చి అడెండమ్ (రిపోర్టుకు అనుబంధం) రాయమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. 'బ్లాక్ హోల్స్' అన్న మాట కనబడితే భయపడకండి, అలాగని వదిలేయకండి: టీ1 చిత్రంలో నల్లగా కనిపించే మచ్చ కొత్తదైతే వాపు వల్ల కావొచ్చు, తర్వాత తేరుకోవచ్చు. ఆరు నెలలు, ఏడాది దాటినా నల్లగానే ఉంటే అక్కడ నరాల పోగులు దెబ్బతిన్నాయని అర్థం. 'మెదడు కుంచించుకుంది' అన్న మాటను ఒకే ఒక స్కాన్ మీద నమ్మొద్దు. నీళ్లు తాగకపోయినా, మెషిన్ మారినా కొలత తేడా వస్తుంది. మందు మొదలైన తొలి ఏడాదిలో వాపు దిగడం వల్ల కూడా మెదడు తగ్గినట్టు కనిపిస్తుంది.

ఫలితాన్ని బట్టి ఏం చేస్తారు? 2023 అక్టోబరు తర్వాత కొత్త మచ్చ లేదు, పెరిగింది లేదు, రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) లేదు అంటే మందు పనిచేస్తున్నట్టే. అంకె 14 అయినా 40 అయినా మార్చక్కర్లేదు. ఒక్క కొత్త మచ్చ కనబడి మనిషి బాగానే ఉంటే చాలామంది న్యూరాలజిస్టులు ఆరు నెలలకు మళ్లీ చూద్దామంటారు. రెండు మూడు కొత్తవి, లేదా కాంట్రాస్ట్ పట్టుకున్నది, వాటికి తోడు రిలాప్స్ ఉంటే అప్పుడు ఇంకా బలమైన మందు గురించి మాట్లాడాలి. మాత్రలు మానకుండా వేసుకుంటున్నదా అన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న. ఈ మాత్ర ఒళ్లు ఎర్రబడి వేడెక్కడం, కడుపులో మంట తెస్తుంది. అందుకని రాత్రి మాత్ర ఎగ్గొట్టి ఇంట్లో చెప్పనివాళ్లు తక్కువేం కాదు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. రక్తంలో లింఫోసైట్ల (తెల్లకణాల్లో ఒక రకం) సంఖ్య ఆరు నెలలకొకసారైనా చూడాలి. ఆ సంఖ్య 500 కంటే తక్కువగా ఆరు నెలలు దాటితే మందు కొనసాగించడం గురించి డాక్టరు మళ్లీ ఆలోచించాలి. అది అలాగే వదిలేస్తే పీఎంఎల్ అనే అరుదైన, ప్రమాదకరమైన మెదడు ఇన్ఫెక్షన్ రావొచ్చు.

ఎంత కాలానికోసారి అంటే, ఈ మందు మీద నిలకడగా ఉన్నవాళ్లకు ఏడాదికి ఒకటి చాలు. 3, 4 నెలలకోసారి తీసేది నటాలిజుమాబ్ అనే ఇంకో ఎమ్మెస్ మందు వాడుతూ, పీఎంఎల్ తెచ్చే జేసీ వైరస్ పరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్లకు, పీఎంఎల్‌ను ముందే పట్టుకోవడానికి. ఎవరో మూడు నెలలకోసారి తీయించుకుంటున్నారని మీరూ పరుగెత్తక్కర్లేదు.

కాంట్రాస్ట్ సంగతి. మచ్చ పుట్టినప్పుడు అక్కడి రక్తనాళాల అడ్డుగోడ సడలి, కాంట్రాస్ట్ సూదిలో ఉండే గడోలినియం అనే లోహం లోపలికి దిగి మచ్చ మెరుస్తుంది. ఆ మెరుపు సగటున మూడు వారాలు, సాధారణంగా 2 నుంచి 6 వారాల్లో పోతుంది. ఫిబ్రవరి రిపోర్టులో 'ఏదీ పట్టుకోలేదు' అన్నదానికి అర్థం అంతకుముందు నెలా నెలన్నరలో కొత్తది పుట్టలేదని మాత్రమే. ఏడాది మొత్తానికి అది సాక్ష్యం కాదు. మధ్యలో స్టెరాయిడ్ ఎక్కించి ఉంటే మెరుపు ఇంకా తొందరగా ఆరిపోతుంది. మంచి పాత స్కాన్ పోలికకు ఉన్నప్పుడు, కొత్త మచ్చ కాంట్రాస్ట్ లేకుండానే కనబడుతుంది కాబట్టి ప్రతి ఏడూ సూది అక్కర్లేదు. మొదటిసారి రోగనిర్ధారణకు, పాత స్కాన్ లేనప్పుడు, జబ్బు ఇప్పుడు చురుగ్గా ఉందా అని తేల్చాల్సి వచ్చినప్పుడు అది కావాలి. ఈసారి న్యూరాలజిస్టును అడిగి, వద్దంటే మానేయండి.

పేరుకోవడం నిజమే. మెదడులోని రెండు భాగాల్లో గడోలినియం జాడలు మిగులుతున్నాయని 2014లో జపాన్ పరిశోధకులు చూపించారు. దానివల్ల ఫలానా హాని జరిగిందని మాత్రం ఇప్పటిదాకా తేలలేదు. ఈ మందుల్లో లీనియర్ రకం (గడోలినియంను వదులుగా పట్టుకునేది) ఎక్కువ మిగులుతుంది, మాక్రోసైక్లిక్ రకం (గట్టిగా పట్టుకునేది) చాలా తక్కువ. 2017లో యూరప్ మందుల సంస్థ కొన్ని లీనియర్ రకాలను పక్కన పెట్టించింది. కాబట్టి ఇవ్వాల్సి వస్తే మాక్రోసైక్లిక్ రకాలైన గడోటెరేట్, గడోబ్యుట్రాల్, గడోటెరిడాల్‌లలో ఏదో ఒకటి ఇవ్వమనండి. మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీమోల్. 55 కిలోల మనిషికి గడోటెరేట్ అయితే 11 మిల్లీలీటర్లు, గాఢత రెట్టింపు ఉండే గడోబ్యుట్రాల్ అయితే 5.5. సూది ఇచ్చాక కనీసం 5 నిమిషాలు, వీలైతే 10 నిమిషాలు ఆగి చిత్రాలు తీయాలి. ఇచ్చిన వెంటనే తీస్తే మసకగా మెరిసే మచ్చ తప్పిపోతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తేలిక, ముందే చేయించండి.

ఎండ విషయంలో చెల్లెలికి ధైర్యం చెప్పండి. పాత దెబ్బ తగిలిన నరం ఒళ్లు వేడెక్కితే సరిగా ప్రసారం చేయలేదు. చల్లబడగానే మళ్లీ పనిచేస్తుంది. ఇది కొత్త మచ్చ కాదు. నల్గొండలో మే నెల 44 డిగ్రీలు దాటే రోజుల్లో ఇది చాలామందికి ఉంటుంది. రిలాప్స్ అంటే జ్వరం, ఇన్ఫెక్షన్ ఏదీ లేకుండా 24 గంటలకు మించి నిలిచే కొత్త లక్షణం. అలాంటిది వస్తే మొదట మూత్ర పరీక్ష చేయించండి. ఆడవాళ్లలో మూత్రంలో చీము, జ్వరం వల్లే పాత లక్షణాలు తిరగబెట్టడం మామూలు. అది కాదని తేలితే స్కాన్. ఆ స్కాన్ స్టెరాయిడ్ ఎక్కించకముందే తీస్తే మంచిది. కానీ చూపు పడిపోతున్నప్పుడు స్కాన్ నంబరు కోసం స్టెరాయిడ్‌ను ఆపొద్దు.

మీ ప్రాంతాన్ని చూసి ఇంకొక మాట. దేవరకొండ, మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో కొందరికి వెన్నెముక లోపలి లిగమెంట్లు ఎముకలా గట్టిపడి వెన్నుపామును నొక్కుతాయి. కాళ్లు బిగుసుకోవడం, నడక మారడం రెండు జబ్బుల్లోనూ ఒకేలా ఉంటుంది. 29 ఏళ్ల మనిషిలో ఇది అంత తొందరగా రాకపోవచ్చు. అయినా కాళ్లు కొత్తగా బిగుసుకుంటే మెడ వెన్నుపాము ఎమ్మారైలో మచ్చలతో పాటు వెన్నుపాము ఉండే నాళం వెడల్పు కూడా రాయమనండి. అనుమానం ఉంటే గట్టిపడ్డ లిగమెంటు సీటీలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కొత్త లక్షణం ఏదీ లేకుండా ఏటా వెన్నుపాము స్కాన్ అక్కర్లేదు. ఇప్పటిదాకా ఒక్కసారీ తీయించకపోయి ఉంటే మాత్రం ఒకటి తీయించండి. ఎమ్మెస్ మచ్చ అక్కడ పొట్టిగా, ఒక అంచున ఉంటుంది. మూడు వెన్నుపూసల పొడవునా ఉంటే అది ఎన్‌ఎమ్‌ఓ అనే వేరే జబ్బు కావొచ్చు. దానికి ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ రక్తపరీక్ష చేయాలి. ఆ జబ్బుకు ఎమ్మెస్ మందులు కొన్ని మేలు చేయకపోగా కీడు చేస్తాయి. మొదటే ఆ పరీక్ష అయిందో లేదో పాత కాగితాల్లో చూడండి.

ఇక పిల్లల సంగతి. మందు ఆపకముందే ఇప్పుడు చెప్పిన హైదరాబాద్ స్కాన్ అయిపోవాలి, దాన్ని చూశాకే న్యూరాలజిస్టు ఎప్పుడు ఆపాలో చెప్పగలరు. తనంతట తానే మాత్ర మానేయకూడదు. గర్భంతో ఉన్నప్పుడు నిజంగా అవసరమైతే ఎమ్మారై తీయొచ్చు, కాంట్రాస్ట్ మాత్రం ఇవ్వరు. గర్భం చివరి నెలల్లో రిలాప్స్‌లు తగ్గి, కాన్పయిన తొలి మూడు నెలల్లో పెరుగుతాయి. అందుకే బిడ్డ పుట్టిన రెండు మూడు నెలల్లో ఇంకో కొత్త హద్దురాయి కావాలి. అప్పుడు కాంట్రాస్ట్ ఇవ్వాల్సి వచ్చినా పాలలోకి వెళ్లేది అతి స్వల్పం, పాలు పిండి పారబోయక్కర్లేదు. ఆ స్కాన్ కూడా అదే హైదరాబాద్ సెంటర్లో, అదే మెషిన్ మీద.